చలి నిద్ర, ఎండ నిద్ర: రంగూను పెరటికి ఫోర్సీథియా తగునా?

ప్రవాసంలో ఉన్న తెలుగు కుటుంబం ఉగాదికి పంచాంగం తెప్పించుకొన్నప్పుడు మొదట చూసేది అది ఏ ఊరికి గణించినదన్న విషయం. రాజమహేంద్రవరపు సూర్యోదయాన్ని బట్టి నిర్ణయించిన ఏకాదశి న్యూజెర్సీలో ఒక రోజు ముందు రావచ్చును. అందుచేతనే అమెరికాలోని పలు దేవాలయాలు, సంఘాలు తమ తమ నగరాలకు తగినట్లు గణనలు చేయించి ప్రకటించుకొంటున్నవి. స్వదేశపు పంచాంగానికి దీనివల్ల అపచారం జరిగిందని ఎవరూ భావించరు. అయితే ఇంత వివేకం గల కుటుంబమే పెరటిలో మొక్క నాటబోయేటప్పుడు ఊరి సంగతి మరచిపోవడం కద్దు. మొక్కకు కూడా ఒక పంచాంగం ఉన్నది. దానిని చదవకుండా ఎన్ని నీళ్ళు పోసినా, ఎంత ఎరువు వేసినా ఫలితం దక్కదు. ఈ సత్యాన్ని బోధించడానికి ఫోర్సీథియా అనే పూపొద మంచి ఉదాహరణ.

శీతల దేశాలలో నివసించే తెలుగువారికి ఈ పొద సుపరిచితమే. న్యూయార్క్, న్యూజెర్సీ, షికాగో పరిసరాలలో మార్చి, ఏప్రిల్ నెలలలో, అంటే సరిగ్గా ఉగాది రోజులలో, ఇంకా ఒక్క ఆకైనా తొడగని కొమ్మలనిండా పసుపుపచ్చని పూలు విరగబూస్తాయి. తంగేడు విరియబూసిన గట్టును చూసి పెరిగిన కళ్ళకు ఆ దృశ్యం ఎంత ఆత్మీయంగా తోచునో వేరుగా చెప్పనక్కరలేదు. ఆ ఛాయాచిత్రాలు రంగూనులోని బంధువులకు చేరినప్పుడు, అటువంటి పొద తమ పెరటిలో కూడా ఒకటి ఉంటే బాగుండునన్న కోరిక కలగడం సహజం. అక్కచెల్లెళ్ళలో ఒకరు అమెరికాలో, మరొకరు బర్మాలో ఉన్నప్పుడు ఇద్దరి ముంగిళ్ళలో ఒకే పూవు పూయాలని ఆశించడంలో దోషం లేదు. కాని ఆ ఆశ రంగూనులో ఫోర్సీథియాతో నెరవేరదు. దానిని అక్కడ నాటకపోవడమే మేలు. ఎందుకు నెరవేరదో తెలుసుకొంటే, ఏ మొక్కతో నెరవేరునో కూడా తెలుస్తుంది.

మల్లెకు చలిదేశపు బంధువు

ఫోర్సీథియా జాతుల్లో అధిక భాగం చైనా, కొరియా, జపాన్ దేశాలకు చెందినవి. ఒక్క జాతి మాత్రం ఐరోపాలోని బాల్కన్ కొండలలో పెరుగుతుంది. స్వీడన్ దేశీయుడైన థున్‌బర్గ్ 1784లో జపాను మొక్కలను వర్ణిస్తూ దీనిని లైలాక్ జాతిలో చేర్చాడు. 1804లో వాల్ అనే శాస్త్రజ్ఞుడు దీనికి ప్రత్యేక ప్రజాతి నేర్పరచి, బ్రిటిష్ రాజోద్యానాల పర్యవేక్షకుడైన విలియం ఫోర్సైత్ పేరు పెట్టాడు. నేడు ఇది దక్షిణ కొరియా రాజధాని సియోల్ నగరానికి అధికార పుష్పం. దీని ఎండు కాయలు చైనా వైద్యంలో చిరకాలంగా వాడుకలో ఉన్నవి.

తెలుగు పాఠకులకు ఆసక్తి కలిగించే అంశం మరొకటి ఉన్నది. వృక్షశాస్త్రరీత్యా ఫోర్సీథియా ఓలియేసీ కుటుంబానికి చెందినది. మల్లె, జాజి, పారిజాతం, ఆలివ్ ఆ కుటుంబం లోనివే. పూరేకులకు పసుపు రంగు నిచ్చేవి బంతిపూవులో ఉండే కెరోటినాయిడ్ల వర్గపు పదార్థాలే. శీతకాలంలో పూసే పసుపు జాజిని చూసి ఫోర్సీథియా అని పొరబడేవారు ఉన్నారు. పూవును పట్టి చూస్తే తేడా తెలుస్తుంది. ఫోర్సీథియాకు నాలుగు తమ్మెలు మాత్రమే ఉంటాయి. ఆ జాజికి ఐదో, ఆరో ఉంటాయి.

చలి నిద్ర

ఫోర్సీథియా పూమొగ్గలు వసంతంలో పుట్టవు. అంతకు ముందటి వేసవిలో పెరిగిన కొమ్మల మీద, ఆ సంవత్సరంలోనే అవి ఏర్పడి ఉంటాయి. శరదృతువులో పగటి కాలం తగ్గి, చలి ఆరంభం కాగానే ఆ మొగ్గలు సుప్తావస్థలోకి జారుకొంటాయి. ఈ నిద్ర బద్ధకం వంటిది కాదు. మొక్క తనకు తాను వేసుకొన్న తాళం. నవంబరులో నాలుగు రోజులు ఎండ కాసినంత మాత్రాన మొగ్గ విచ్చుకొంటే, ఆ తరువాత వచ్చే మంచుకు అది మాడిపోక తప్పదు. ఆ ప్రమాదాన్ని నివారించడానికే ఈ ఏర్పాటు.

ఈ తాళం రసాయనికమైనది. నిద్రించే మొగ్గలో ఆబ్సిసిక్ ఆమ్లమనే హార్మోను ఎక్కువగా ఉండి పెరుగుదలను అణచి ఉంచుతుంది. బర్చ్, పోప్లార్ వంటి చలిదేశపు చెట్లపై జరిగిన పరిశోధనలలో మరొక విశేషం బయటపడింది. మొగ్గలోని జీవకణాల మధ్య ఉండే సన్నని మార్గాలను కాలోస్ అనే పిండిజాతి పదార్థం బిరడావలె మూసివేస్తుంది. వారాల తరబడి చల్లదనం తగిలిన పిమ్మట కొన్ని ఎంజైములు ఆ బిరడాలను కరిగిస్తాయి. అప్పుడే కణానికి కణానికి మధ్య సంకేతాలు తిరిగి నడుస్తాయి. సుమారు సున్నా నుంచి ఏడు డిగ్రీల సెంటిగ్రేడు వరకు గల చలి ఈ పనికి అనువైనదని ఉద్యానశాస్త్రజ్ఞులు సాధారణంగా లెక్కిస్తారు. ఆ చలి తగినంత కాలం తగిలిన తరువాత వచ్చే వెచ్చదనమే మొగ్గను విప్పుతుంది. చలి తాళం తీస్తుంది. ఎండ తలుపు తోస్తుంది. మొదటి పని జరగనిదే రెండవది నిష్ఫలం.

ఇక రంగూను సంగతి. 1989 నుంచి యాంగాన్ అని అధికారికంగా వ్యవహరించబడుతున్న ఈ నగరం సముద్ర మట్టానికి ఎంతో ఎత్తులో లేదు. అక్కడ అత్యంత చల్లనిదైన జనవరిలో కూడా రాత్రి ఉష్ణోగ్రత సగటున 18 డిగ్రీల పరిసరాలలో ఉంటుంది. ఏడు డిగ్రీల చలి ఆ నగరం ఎరుగదు. అక్కడ నాటిన ఫోర్సీథియా కొంతకాలం ఆకులతో బ్రతికి ఉండవచ్చును. కాని దాని మొగ్గల తాళం తీసేవారు లేరు. దానికితోడు జూన్ నుంచి ఎడతెగక కురిసే వానలో, నీరు నిలిచే నేలలో వేళ్ళు కుళ్ళే ప్రమాదం ఉండనే ఉన్నది.

మొక్కను తొట్టిలో పెంచి, శీతల యంత్రంలో ఉంచి చలి తగిలించవచ్చును గదా అని కొందరు ప్రశ్నించవచ్చు. సిద్ధాంతరీత్యా అది సాధ్యమే. కాని ఆరేడు అడుగుల పొదను వారాల తరబడి యంత్రంలో ఉంచడం, అందునా విద్యుత్తు కోతలు ఇటీవలి సంవత్సరాలలో నిత్యకృత్యమైన నగరంలో, ఏ గృహస్థుకూ సాధ్యమయ్యే పని కాదు. తక్కువ చలితో కాసే ఆపిల్ రకాలను శాస్త్రజ్ఞులు సృష్టించినట్లు ఫోర్సీథియాలో కూడా సృష్టించరాదా అన్నది మరొక ప్రశ్న. ఈ పొద విషయంలో జరిగిన చెప్పుకోదగ్గ కృషి తద్విరుద్ధమైన దిశలో సాగింది. 1980ల దశకంలో అమెరికాలో విడుదలైన మెడోలార్క్ అనే రకం ఉత్తర ప్రాంతాల ఘోరమైన చలికి కూడా మొగ్గలు మాడిపోకుండా ఉండేందుకు ఎంపిక చేసినది.

ఎండ నిద్ర

చలి లేని దేశంలో మొక్కలకు విశ్రాంతి ఉండదా? ఉంటుంది. అది వేరొక రూపంలో వస్తుంది. ఫోర్సీథియాకు బంధువైన మల్లెనే చూడవచ్చును.

కాకినాడ, రంగూను దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నవి. బంగాళాఖాతానికి ఒక వైపున అది, మరొక వైపున ఇది. కోరంగి, కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి ఓడలెక్కి వెళ్ళిన తెలుగువారిని బర్మాలో కొరంగీలని పిలిచేవారు; ఉత్తరాంధ్ర తీరంలోని పెద్దల నోట రంగూను పేరు రంగం. 1942లో యుద్ధ భయంతో లక్షలాది భారతీయులు బర్మాను విడిచారు. 1960ల దశకంలో మరెందరో తిరిగి వచ్చారు. విశాఖపట్నంలోని బర్మా క్యాంపు ఆ రాకపోకలకు నేటికీ గుర్తుగా నిలిచి ఉన్నది. అక్షాంశం ఒకటే కనుక ఆ రెండు ఊళ్ళలో పగటి నిడివి ఏడాది పొడవునా ఇంచుమించు సమానం. గోదావరి తీరపు మల్లెకు రంగూను సూర్యుడు కొత్తవాడు కాడు. కొత్తది వర్షం. కాకినాడలో సంవత్సరానికి సుమారు 1100 మిల్లీమీటర్ల వాన పడితే రంగూనులో సుమారు 2700 మిల్లీమీటర్లు పడుతుంది. అందులో చాలా భాగం మే నుంచి అక్టోబరు లోపలనే కురుస్తుంది. అటు తరువాత ఏప్రిల్ దాకా దాదాపు పూర్తిగా పొడి కాలం.

తెలుగునాట మల్లెతోటల రైతులు తరతరాలుగా ఒక పద్ధతి పాటిస్తారు. శీతకాలంలో నీరు కట్టడం ఆపివేసి తోటను ఎండగడతారు. మొక్క ఆకు రాల్చి విశ్రాంతి తీసుకొన్న తరువాత కొమ్మలు కత్తిరించి, ఎరువు వేసి, మళ్ళీ నీరు పెడతారు. కొత్త చిగుళ్ళు తన్నుకొని వచ్చి, వాటి కొసలకు మొగ్గలు కడతాయి. ఇదే ఎండ నిద్ర. ఇక్కడ తాళం తీసేది చలి కాదు. ఎండగట్టిన తరువాత వచ్చే నీరు.

ఈ రెండు బంధువుల మధ్య గమనించదగిన భేదం ఒకటున్నది. ఫోర్సీథియా పాత కొమ్మ మీద పూస్తుంది. మల్లె కొత్త చిగురు మీద పూస్తుంది. కనుక ఫోర్సీథియాను పూలు రాలిన వెంటనే కత్తిరించాలి. మల్లెను పూతకు ముందే కత్తిరించాలి. ఒకదాని నియమం రెండవదానికి వర్తింపజేస్తే రెండూ పూయవు. మల్లెకు అలవాటుపడిన చేయి అమెరికాలో ఫోర్సీథియాను డిసెంబరులో కత్తిరిస్తే, ఏడాదిపాటు కూడబెట్టిన మొగ్గలన్నీ చెత్తబుట్ట పాలవుతాయి.

రంగూనులో మల్లెకు కావలసిన జాగ్రత్తలు

వాన తగ్గిన నవంబరు నుంచి మల్లెకు నీరు క్రమంగా తగ్గించి, డిసెంబరులో దాదాపు ఆపివేయాలి. జనవరి ఆరంభానికి ఆకులు చాలావరకు రాలుతాయి. అప్పుడు పొదను నేల నుంచి అడుగున్నర ఎత్తుకు కత్తిరించి, ఎండిన, చిక్కుపడిన కొమ్మలను తీసివేయాలి. మొదలు చుట్టూ మట్టి గుల్లచేసి గంపెడు చివికిన ఎరువు వేసి, మరల నీరు పోయడం ఆరంభించాలి. కొద్ది వారాలలో చిగురు, ఆపై మొగ్గ కనిపిస్తాయి.

వర్షకాలపు రక్షణ ఇంతకంటె ముఖ్యం. జూన్, జులై, ఆగస్టు నెలలలో ఒక్కొక్క నెలకు అర మీటరుకు అటూ ఇటూగా వాన పడే చోట చదునైన మడి పనికిరాదు. అడుగెత్తు గట్టు పోసి దాని మీద నాటాలి. ఆ రోజులలో యూరియా వేయడం ధనాన్ని కాలువలో పోయడమే. యూరియా నేలలో మొదట అమ్మోనియంగా, తరువాత నైట్రేటుగా మారుతుంది. మట్టిరేణువులకు ఋణ విద్యుదావేశం ఉంటుంది. నైట్రేటుది కూడా ఋణావేశమే. కనుక మట్టి దానిని పట్టి ఉంచలేదు. వాననీరు వేళ్ళకు అందనంత లోతుకు తీసుకొనిపోతుంది. వానలు వెలిసిన పిమ్మట కొద్దికొద్దిగా రెండు మూడు దఫాలుగా వేయడమే ఉచితం. మెరక ప్రాంతాలలోని ఎర్రమట్టి ఆమ్లగుణం కలది. అందులోని ఇనుము, అల్యూమినియం ఆక్సైడులు భాస్వరాన్ని బంధించి మొక్కకు అందనీయవు. చివికిన ఆకు ఎరువు ఆ బంధాన్ని కొంత సడలిస్తుంది. అందుకే బస్తా ఎరువు కంటె ఆకు ఎరువు అక్కడ ఎక్కువ ఉపకరిస్తుంది.

పసుపు రంగే కావాలన్నవారికి

తెల్లని మల్లె పసుపుపచ్చని పొదకు బదులు కాజాలదని అనేవారికి రంగూను నగరమే సమాధానం చెబుతున్నది. బర్మావారి నూతన సంవత్సర పండుగయైన తింజాన్ ఏప్రిల్ నడుమ వస్తుంది. ఆ రోజులలో వీధుల వెంట పడౌక్ చెట్లు బంగారు రంగు పూలతో నిండిపోతాయి. ఈ చెట్టు మొగ్గలు తొడిగి వేచి ఉంటుంది. ఎండల నడుమ ఒక చిరుజల్లు పడగానే ఒక్కమారుగా విచ్చుకొని, దాదాపు ఒక్కరోజులోనే వాడిపోతుంది. స్త్రీలు ఆ పూలను తలలో తురుముకొంటారు, ఇండ్లను అలంకరిస్తారు. ఈ పడౌక్ శేషాచలం కొండలలో పెరిగే ఎర్రచందనానికి స్వయానా ఒకే ప్రజాతికి చెందిన చెట్టు. మన వేగిస కూడా ఆ కోవలోనిదే. పరాయిచోటి పూవనుకొనేది నిజానికి రాయలసీమ బంధువు. అయితే అది మహావృక్షం. విశాలమైన ఆలయ ప్రాంగణానికో, పాఠశాల ఆవరణకో తగును గాని చిన్న పెరటికి కాదు.

చిన్న పెరటిలో రేలచెట్టు ఒకటి పెంచవచ్చును. వేసవి ఎండలో దాని పసుపు గుత్తులు వేలాడుతుంటే ఫోర్సీథియా లేని లోటు కనబడదు. పొద రూపమే కావాలంటే టెకోమా సరిపోతుంది. అది కొత్త కొమ్మ మీద పూస్తుంది గనుక వానలు వెలిశాక కత్తిరిస్తే పొడి కాలంలో పూస్తుంది. తంగేడు కావాలని పట్టుబట్టేవారు అది మెట్టభూముల మొక్క అని గుర్తుంచుకొని, బాగా నీరు జారే ఎత్తైన చోటనే నాటాలి. పచ్చగన్నేరు విషయంలో మాత్రం ఒక హెచ్చరిక అవసరం. దాని గింజలలోను, పాలలోను గుండె లయను దెబ్బతీసే థెవెటిన్ వంటి విషపదార్థాలు ఉన్నవి. పసిపిల్లలున్న ఇంట దానిని పెంచకపోవడం క్షేమం.

చలిదేశాల సోదరులకు

ఫోర్సీథియా రంగూనుకు తగదనడం ఆ పొదకు నింద కాదు. చలిదేశపు ముంగిలికి అంత తక్కువ శ్రమతో అంత శోభనిచ్చే పొదలు అరుదు. దానికి రోజుకు ఆరు గంటల ఎండ, నీరు నిలువని నేల, ఆరు నుంచి ఎనిమిది అడుగుల జాగా ఉంటే చాలును. పూలు రాలిన వెంటనే అన్నిటికంటె ముదురు కొమ్మలలో నాలుగవ వంతు నుంచి మూడవ వంతు వరకు మొదలంటా కోసివేయాలి. నడివేసవి దాటిన తరువాత కత్తెర ముట్టరాదు. గోడవలె చదునుగా కత్తిరించే అలవాటు పూతకు శత్రువు. గడ్డికి వేసే నత్రజని ఎరువు పక్కనే ఉన్న పొదకు ఎక్కువగా చేరితే ఆకు పెరిగి పూవు తగ్గుతుంది. వంగి నేలను తాకిన కొమ్మలు తామే వేళ్ళు వేస్తాయి గనుక ఇరుగుపొరుగులకు పంచిపెట్టడం సులభం.

వసంతం ఆలస్యంగా వచ్చే నగరాలలో ఉగాదికి పూలు కావాలంటే మార్గమున్నది. శీతకాలమంతా చలికి తగిలి ఉన్న కొమ్మలను పండుగకు రెండు వారాల ముందు కోసి, ఇంటిలోపల నీళ్ళ కుండలో నిలబెట్టాలి. చలి అప్పటికే తాళం తీసి ఉన్నది. ఇంటి వెచ్చదనం తలుపు తోస్తుంది. బయట మంచు కరగకముందే ఉగాది పచ్చడి పక్కన పసుపు పూలు నిలుస్తాయి.

పెట్టెలో దాచిన మొక్క

ఈ చర్చకు మరొక ముఖం ఉన్నది. అభిమానం పేరిట మొక్కలను, గింజలను, వేళ్ళకంటిన మట్టిని ప్రయాణపు పెట్టెలలో దాచి దేశాలు దాటించడం ప్రవాస కుటుంబాలలో చాలామంది తప్పుగా భావించని అలవాటు. అది తప్పే. 2013లో ఇటలీ దక్షిణ భాగంలోని అపూలియా ప్రాంతంలో ఆలివ్ చెట్లను చంపుతున్న జైలెల్లా అనే సూక్ష్మజీవిని గుర్తించారు. అలంకారానికై దిగుమతి చేసుకొన్న మొక్కలతో అది మధ్య అమెరికా నుంచి వచ్చి ఉండవచ్చునని శాస్త్రజ్ఞుల అంచనా. ఆ తరువాతి సంవత్సరాలలో లక్షలాది చెట్లు, వాటిలో తరతరాలుగా కుటుంబాలను పోషించిన వృద్ధవృక్షాలు సైతం, ఎండిపోయినవి. ఆలివ్ సైతం మల్లె, ఫోర్సీథియాల కుటుంబం లోనిదే అన్నది గమనార్హం. బర్మాలో మొక్కల తెగుళ్ళ నిరోధానికి 1993లోనే శాసనం వెలువడింది. అమెరికాలో కూడా మొక్కలను, మట్టిని విమానాశ్రయంలో ప్రకటించడం విధి. ఆ నిబంధనలను అధికారుల చాదస్తమని కొట్టివేయడం విద్యావంతులకు శోభించదు. ఒక్క పొద మీది మోజు ఒక ప్రాంతపు రైతుల జీవనాన్ని బలిగొనవచ్చును.

పూల పంచాంగం

తెలుగు సంఘాలు పాటలు నేర్పుతున్నవి, భాష నేర్పుతున్నవి, పండుగలు జరుపుతున్నవి. వాటితోపాటు ఒక చిన్న పని చేపట్టడం అవసరం. ఏ ఊరి సంఘం ఆ ఊరి పూల పంచాంగాన్ని తయారు చేసి, తన వార్షిక సంచికలో ఒక పుట కేటాయించాలి. పుట్టింటి మొక్కలలో ఏవి ఆ ఊరిలో పూస్తాయి, ఏ నెలలో నీరు ఆపాలి, ఏ నెలలో కత్తిరించాలి, ఏ మొక్కను అసలే తేరాదు అన్న వివరాలు అందులో ఉండాలి. రంగూను సంచికలో మల్లె, రేల, పడౌక్‌ల తేదీలు ఉంటాయి. న్యూజెర్సీ సంచికలో ఫోర్సీథియా తేదీలు ఉంటాయి. ఇందుకు పెద్ద పరిశోధనాలయం అక్కరలేదు. పెరటిలో మొదటి పూవు ఏ తేదీన పూసినదో ప్రతి ఇంటివారూ ఏటా వ్రాసి ఉంచితే చాలును. ఈ పని పిల్లలకు అప్పగిస్తే తెలుగు పేర్లతో పాటు విజ్ఞానశాస్త్రపు మొదటి పాఠమైన పరిశీలన కూడా వారికి అలవడుతుంది.

అప్పుడు అమెరికాలోని అక్క ఉగాదికి ఫోర్సీథియా చిత్రాన్ని, రంగూనులోని చెల్లెలు మల్లెదండ చిత్రాన్ని ఒకరికొకరు పంపుకొంటారు. పూలు వేరైనా కుటుంబం ఒక్కటేనని వారి పిల్లలకు వృక్షశాస్త్రమే చెబుతుంది.